చదివి సంతకం పెట్టండి

చెప్పింది ఒకరు, రాసింది ఇంకొకరు అయితే పాపం ఎవరి మీద పడుతుంది? ఈ అనుమానం ఆరేళ్ళుగా నన్ను వదల్లేదు. మనిషి భుజాల మీద ఇద్దరు దేవదూతలు కూర్చుని మంచీ చెడూ రాస్తుంటారని, చిన్నప్పుడు కడపలో మాకు ఖురాన్ చదవడం నేర్పిన రషీదున్నీసా ఆపా చెప్పేది. చేసినవాళ్ళ పేరు మీద రాస్తారు, సరే. ఇంకొకరు చెప్పిన అబద్ధాన్ని గుండ్రటి అక్షరాలతో, కొట్టివేత లేకుండా రాసిపెట్టిన నాలాంటిదాని పేరు మీద ఏం రాస్తారు? ఒకసారి మా ఆయన్ని అడిగాను. టీవీ మీద నుంచి చూపు తిప్పకుండా, "నీకు పని తక్కువైనట్టుండాది" అన్నాడు.

పని తక్కువైన రోజు శుక్రవారం మాత్రం కాదు. నెలలో మొదటి శుక్రవారం జుమా నమాజు అయ్యాక ఖిద్మత్ కమిటీ వాళ్ళు బౌషర్‌లోని మా ఫ్లాట్‌కే వస్తారు. ఖిద్మత్ అంటే సేవ. మస్కట్ చుట్టుపక్కల కష్టంలో పడ్డ తెలుగువాళ్ళకు సాయం చెయ్యాలని మావాళ్ళు పెట్టుకున్న కమిటీ. జీతాలు లేవు, ఆఫీసు లేదు. ఏడుగురు సభ్యులు, అందరూ మగవాళ్ళే. అల్ ఖౌద్‌లో మొబైల్ షాపు నడిపే హైదరాబాద్ ఎహసాన్ భాయ్ అధ్యక్షుడు. మా ఆయన సమీయుల్లా కార్యదర్శి. ఏడుగురిలో ఐదుగురు సంతకం పెడితే అది కమిటీ నిర్ణయం. నిబంధనల పుస్తకంలో ఆడవాళ్ళ గురించి ఒకే వాక్యం ఉంది: 'సభ్యుల కుటుంబ స్త్రీలు అవసరమైన సహకారం అందిస్తారు.' ఆ వాక్యం రాసింది కూడా నేనే. సహకారం అంటే ఏడుగురికి బిర్యానీ. సహకారం అంటే పని ఇళ్ళలోంచి పారిపోయి వచ్చిన ఆడవాళ్ళకు నా వంటింట్లో పరుపు వెయ్యడం, వాళ్ళ తలలో పేలు తియ్యడం, పుండ్లకు మందు రాయడం, వాళ్ళు నిద్రలో కేకలు పెడితే పక్క ఫ్లాట్‌వాళ్ళకు నేను క్షమాపణ చెప్పుకోవడం. ఇవేవీ రిజిస్టర్లోకి ఎక్కవు.

రిజిస్టర్ తెలుగులో ఉండాలి. కమిటీ ఇచ్చే కాగితం ఊళ్ళో ఇంటివాళ్ళకు చేరాలి, ఇక్కడ లాయర్ ఆఫీసులో పనిచేసే మన సంజీవ్ గారికీ చేరాలి. ఐదు సంతకాలున్న కాగితం చేతికొస్తేనే ఆయన కేసు ముట్టుకుంటాడు. కానీ ఎహసాన్ భాయ్‌కి తెలుగు చదవడం రాదు. మా ఆయనది ఉర్దూ మీడియం. మిగతావాళ్ళు కూడబలుక్కుంటే బోర్డులు చదవగలరు. గడగడా చదవగలిగేది నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన ఓంకార్ అన్న ఒక్కడే. నేను పదో తరగతి తెలుగు మీడియం. అందుకని హాల్లో వాళ్ళు మాట్లాడతారు, పరదా ఇవతల వంటింటి స్టూలు మీద కూర్చుని నేను రాస్తాను. సంతకం ఎక్కడ పెట్టాలో పెన్సిల్‌తో ఇంటూ గుర్తు వేసి, టీ కప్పులతో పాటు ట్రేలో పెట్టి పరదా కిందనుంచి తోస్తాను. ఇంటూ ఉన్నచోట సంతకాలు పడి ట్రే తిరిగొస్తుంది. ఇన్నేళ్ళలో ఒక్కరూ ఒక్క వాక్యం చదవలేదు.

ఆరేళ్ళ కిందట, బర్కా తోటల్లో పనిచేసే పోచన్న యాదవ్వను తీసుకొచ్చి మా ఇంట్లో దింపాడు. ఒక ముసలమ్మ ఇంట్లో పనికి ఉండి, గోడ దూకి పారిపోయి వచ్చింది. నలభై దాటిన మనిషి. కుడిచేతికి మణికట్టు దాకా గుడ్డ చుట్టి ఉంది. విప్పితే చర్మం గుడ్డతోపాటే వచ్చింది. మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగోరోజు నేను ఉల్లిపాయలు తరుగుతుంటే గోడ వైపు చూస్తూ చెప్పింది.

"ఆ ముసలమ్మ కొడుకు నా అర్రలకచ్చిండు బీబమ్మా. కొట్లాడి బయటికి నూకిన. నేనే పిలిసిన్నని తెల్లారి తల్లీకొడుకులు నా చెయ్యి పట్టుకోని మసిలే నీళ్లు వోసిండ్రు."

యాదవ్వ మా ఇంట్లో ఉన్న పదకొండు రోజుల్లో ఎనిమిదో రోజు నాకు మూడో నెల కడుపు పోయింది. ఆ రోజు కమిటీ రక్తదాన శిబిరం. బాత్‌రూమ్ నేల మీద కూర్చుని ఫోన్ చేస్తే మా ఆయన, "ఫోటోలు తీస్తా ఉండారు, మళ్ళా చేస్తా" అన్నాడు. మళ్ళీ చెయ్యలేదు. యాదవ్వ ఎడమచేత్తో నన్ను లేపింది. ఎడమచేత్తోనే నా బట్టలు ఉతికింది, నేల కడిగింది, గంజిలో ఉప్పు వేసి తాగించింది. "నీ రుణం ఎట్లా తీర్చుకోవాల యాదవ్వా" అని ఏడిస్తే, "నా మాట ఒక్కటి ఆ మొగోళ్లకు నువ్వే చెప్పు. ఆళ్ల ముంగట నాకు నోరు పెకలది" అంది. చెప్తానన్నాను. అల్లా పేరు పెట్టి మరీ అన్నాను.

ఆ శుక్రవారం ఆమెను హాల్లో నిలబెట్టారు. బాధితురాలు తన ఫిర్యాదు తానే సభ్యుల ముందు చెప్పాలి, వేరొకరి మాట చెల్లదు అని తొమ్మిదో నిబంధన. సోఫాల్లో ఏడుగురు మగవాళ్ళు, మధ్యలో చేతికి గుడ్డతో ఆమె.

"బోలో అమ్మా, సిగ్గెందుకు? మేమంతా నీ అన్నదమ్ములమే" అన్నాడు ఎహసాన్ భాయ్.

ఆమె నేల చూపులు చూసింది.

"వేడినీళ్ళు పడితే మందు రాసుకోవాలి గానీ, గోడ దూకి వస్తారా ఎవరైనా?" ఇంకెవరో అన్నారు. నవ్వారు.

నేను పరదా రెండు వేళ్ళ మేర జరిపి మా ఆయన్ని పిలిచాను. "ఏజీ, ఆమె నాకు చెప్పింది..."

మా ఆయన తల తిప్పకుండానే, "లోపలికి పో. రైతా తీసుకరా" అన్నాడు.

నేను పోయి రైతా తెచ్చాను. అంతే జరిగింది. ఆరేళ్ళుగా ఎన్ని విధాల తిప్పి గుర్తు చేసుకున్నా అందులో ఇంకో ముక్క దొరకదు నాకు. వాళ్ళు చెప్పారు, నేను రాశాను: 'యాదవ్వ తన ఇష్టప్రకారం యజమాని ఇల్లు విడిచి వచ్చినది. రాజీ కుదిర్చి తిరిగి అప్పగించడమైనది.' ఐదు సంతకాలు పడ్డాయి. మా ఆయనే కారులో తీసుకెళ్ళి ఆ ఇంటి గేటు దగ్గర దింపి వచ్చాడు. దారిలో తినమని బిర్యానీ డబ్బా కట్టి ఇచ్చింది నేను. కారెక్కేటప్పుడు "చెప్పినవా" అని ఆమె నన్ను అడగలేదు. అడిగి, తిట్టి ఉంటే బాగుండేది.

ఐదు నెలల తర్వాత ఆమెను ఊరికి పంపేశారు. పోచన్న ఆ కబురు చెప్తూ, "ఆ చెయ్యి ముడుసుకపోయింది వదినే. అంతకుముందు బీడీలు చేసి బతికేది. ఇప్పుడు ఆకు పట్టరాదు" అన్నాడు. మా ఆయన "అల్లా మర్జీ, ఆయన ఇష్టం" అన్నాడు. ఆ రోజు నమాజులో సజ్దాకు నుదురు నేలకు ఆనించి చాలాసేపు తల ఎత్తలేదు నేను. ఇది నీ మర్జీనా, రైతా కోసం లోపలికి పోయిన నా మర్జీనా అని అడిగాను.  జవాబు నాకు తెలియదని చెప్పలేను.

ఈ శుక్రవారం నా వంటింట్లో ఉన్నది సంగీత. ఇరవై ఆరేళ్ళు. ఇంటికి ఫోన్ చేసుకుంటానని రెండోసారి అడిగినందుకు మూడు రోజులు స్టోర్ గదిలో పెట్టి తాళం వేశారట. నీళ్ళ సీసా తప్ప ఏమీ ఇవ్వలేదు. కిటికీ అద్దం పగలగొట్టుకుని బయటపడింది. అరికాల్లో దిగిన గాజు ముక్కలు తీసింది నేనే. ఇదంతా నాతో చెప్పింది. హాల్లో నిలబెట్టేసరికి "నన్నూ... స్టోరూ..." దగ్గరే ఆగిపోయింది.

"కిటికీ పగలగొట్టడానికి బలముంది, నోరు విప్పడానికి లేదా?" అన్నారెవరో. మళ్ళీ అదే నవ్వు.

ఎహసాన్ భాయ్ గొంతు తగ్గించాడు. "ఆ కఫీల్ తమ్ముడు నాకు తెలిసినవాడు. నాలుగున్నరకు డ్రైవర్‌ని పంపుతానన్నాడు. వచ్చే వారం మన వార్షికోత్సవం, సన్మానం. ఇప్పుడు ఈ కిరికిరి దేనికి?"

కఫీల్ అంటే ఆమెను వీసా మీద తెచ్చుకున్న యజమాని. లోపలికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్న సంగీతకు ఆ 'నాలుగున్నర' వినపడింది. నా కొంగు పట్టుకుంది. వదల్లేదు.

"రాసుకో సాజిదా" అని కేకేశాడు మా ఆయన. "ఇష్టప్రకారం వచ్చింది, అప్పగించినాం. ఎప్పుడూ రాసేదే."

ఎప్పుడూ రాసేదే. బిస్మిల్లా అనుకున్నాను. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చాయి. 'సంగీతను మూడు రోజులు స్టోర్ గదిలో బంధించి ఆహారం ఇవ్వలేదు. ఆమె ప్రాణభయంతో బయటపడినది. ఆమెను తిరిగి ఆ ఇంటికి పంపరాదని, సంజీవ్ గారి ద్వారా న్యాయ సహాయం అందించాలని కమిటీ నిర్ణయించడమైనది. విన్నది, రాసినది: సాజిదా.' ఇది అబద్ధమా అని ఒక్క క్షణం ఆగి ఆలోచించాను. సంతకాలు పడేదాకా ఇది నా మాట. పడితే వాళ్ళ నిర్ణయం. అలా అని నిబంధనల పుస్తకమే చెప్తోంది. కానీ దొంగతనంగా మాత్రం వద్దనుకున్నాను. పెన్సిల్ గుర్తులు వేశాను, టీ పోశాను, ట్రే తోశాను. మొదటిసారి గొంతు పెంచాను.

"చదివి సంతకం పెట్టండి."



"ఈ పొద్దు ఏమైంది దీనికి?" అన్నాడు మా ఆయన.

ఎహసాన్ భాయ్ పకపకా నవ్వాడు. "అరే భాభీ, ఆప్ లిఖే తో బస్! మీరు రాసిందాంట్లో చదివేదేముంది? బిర్యానీలో ఉప్పు చూస్తామా ఎప్పుడైనా?"

పెన్ను కాగితం మీద పాకుతున్న చప్పుడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదో గుర్తు దగ్గర సంతకం పెట్టాల్సింది ఓంకార్ అన్న. చప్పుడు ఆగింది. పరదా సందులోంచి చూశాను. ఆయన చదువుతున్నాడు. చివరి దాకా చదివి మళ్ళీ పైనుంచి మొదలుపెట్టాడు. ఆరేళ్ళ కిందట ఇదే సోఫాలో ఇదే మూల కూర్చుని ఆయన కూడా ఏమీ అనలేదు. యాదవ్వది వాళ్ళ పక్క ఊరే.

"ఏం ఓంకార్, తెలుగు మర్చిపోయినావా?" అన్నాడు మా ఆయన.

"లేదన్నా" అన్నాడు ఓంకార్ అన్న. టీ గుక్క మింగాడు. "అంతా మంచిగనే రాసింది వదినె." సంతకం పెట్టాడు.

ట్రే తిరిగి రాగానే ఫోటో తీసి సంజీవ్ గారికి పంపాను. 'వస్తున్నా. ఎవరికీ అప్పగించవద్దు' అని జవాబు. నాలుగుకల్లా తన ఆఫీసులో పనిచేసే ఒకావిడను వెంటబెట్టుకుని వచ్చాడు. సభ్యులందరూ అప్పటికే వెళ్ళిపోయారు. సంగీతను తీసుకెళ్తామనగానే, కమిటీ అలా నిర్ణయించలేదని మా ఆయన గుమ్మంలోనే చెప్పబోయాడు. సంజీవ్ గారు ఫోన్‌లో ఐదు సంతకాలూ చూపించారు. సంగీత నా చెప్పులు వేసుకుని, ఒక కాలు ఈడుస్తూ లిఫ్ట్ ఎక్కింది. నాలుగున్నరకు డ్రైవర్ వచ్చి ఖాళీగా పోయాడు.

ఆ తర్వాత ఎహసాన్ భాయ్ ఫోన్. ఆ కేకలు వంటింట్లోకి వినిపించాయి. ఫోన్ పెట్టేసి మా ఆయన నా వైపు తిరిగాడు. ఆయన అరవలేదు. అరవకుండా మాట్లాడినప్పుడే ఆయనంటే నాకు ఎక్కువ భయం.

"రిజిస్టర్లో నీ పేరు ఎవరు రాయమన్న్యారు? నువ్వెవరే? వంట చేసి పెడతాండావని కమిటీ నీదైందా? వీసా నా మీద ఉండాది, మర్చిపోవద్దు. వచ్చే వారం టికెట్ చేపిస్తా. కడపకు పోయి మీ అన్న ఇంట్లో కూర్చోని రాసుకో. పిల్లల్ని కని పెట్టలేకపోతివి, పరువన్నా మిగిలిస్తావనుకుంటి."

ఆ చివరి మాట ఎప్పుడో ఒకరోజు అంటాడని తెలుసు. ఆరేళ్ళు దాచుకున్నాడు.

"రిజిస్టర్లన్నీ తీసుకరా. ఇంగ నువ్వు ముట్టొద్దు."

వంటింట్లో బియ్యం డ్రమ్ము పైన రెండు రిజిస్టర్లు ఉన్నాయి. పాతది తెరిచాను. ఆ పేజీ వెతుక్కోవాల్సిన పని లేదు, చెయ్యే అక్కడికి పోతుంది. నా అక్షరాలు, ఐదు సంతకాలు, నేను వేసిన పెన్సిల్ గుర్తులు. కింద నాలుగు వేళ్ళ ఖాళీ ఉంది. సాయంత్రం అసర్ నమాజుకు అజాన్ అయిపోయి చాలాసేపైంది. ముందు నమాజు చదువుకున్నాను. తర్వాత ఈ రోజు తేదీ వేసి రాశాను. రెండు రిజిస్టర్లూ పట్టుకుని పరదా తీసి హాల్లోకి వచ్చాను. యాదవ్వ నిలబడిన చోటే నిలబడ్డాను.

"ఆడ పెట్టి పో" అన్నాడు.

నేను పాత రిజిస్టర్ తెరిచి చదవడం మొదలుపెట్టాను. "యాదవ్వ తన ఇష్టప్రకారం రాలేదు. ఆ ఇంటి కొడుకు ఆమె గదిలోకి వచ్చాడు. ఆమె బయటికి నెట్టింది. అందుకు తల్లీకొడుకులు ఆమె కుడిచెయ్యి పట్టుకుని మరిగే నీళ్ళు పోశారు..."

"సాజిదా, లోపలికి పో."

చివరి వాక్యం దాకా, నా పేరు దాకా, నిదానంగా చదివాను. ఆ తర్వాతే లోపలికి పోయాను.