పెన్సిలు మెట్లు కనబడటం లేదు

పేరు మార్చినంత మాత్రాన లోపలి గీతలు మారిపోతాయా, అదే ఫైలు కదా, అవే కొలతలు కదా, అని టైపు చేసి మళ్లీ కొట్టేసింది ఆమె, కంప్యూటర్ సిస్టమ్ చేసినవాళ్లు సలహాలు రాయమని ఇచ్చిన ఈ పెట్టెలో ఏడుపు పనికిరాదు, సూటిగా చెప్పాలి, అయ్యా, ఒక ఫైలు పేరు మారిస్తే దాన్ని నమ్ముకున్న మిగతా ఫైళ్లకి ఆ కబురు మీ సిస్టమే అందించాలి, పాత పేరుతో వెతికినా దొరకాలి, ఒక ఫైలుకి రెండు పేర్లుండనివ్వాలి, మనుషులకి ఉండవా ఏమిటి, బాబాయ్‌కి ఉండేవి, జీతం చీటీలో ఒకటి, ఈ ప్లాన్ల ఆఫీసంతా పిలిచేది పెన్సిలు బాబాయ్ అని, బొమ్మలన్నీ కంప్యూటర్లోకి వచ్చేసినా చెవి మీంచి పెన్సిలు దించని మనిషి, తనకి గీత గీయడం నేర్పిన మనిషి, మెట్లు గీసేటప్పుడు ఎక్కేవాళ్ల మోకాళ్లు తలుచుకో అమ్మాయ్ అనేవాడు, పోయిన నెల ఈ బల్ల పక్కనే ఆయనే మోకాళ్ల మీద కూలబడి, తను నీళ్లు తెచ్చేలోపే,

పోయినాయన పేరుతో ఫైళ్లుంటే కట్టించుకునేవాళ్లు ఏమనుకుంటారమ్మా, నంబర్లు పెట్టెయ్ అన్నాడు మేనేజరు, పాపం ఆయనా కళ్లు తుడుచుకునే అన్నాడు, పెన్సిలు-మెట్లు అన్న ఫైలుకి తను నంబరు పెట్టింది, అంతే, దాన్ని కలుపుకున్న ఆసుపత్రి ప్లాన్లన్నిట్లో మెట్లుండే చోట తెల్లటి గడి, సరిగ్గా నిన్ననే రావాలా బాబాయ్ భార్య, సొరుగులో ఆయన కళ్లజోడు ఉండిపోయిందని, ఆయన చివర గీసింది ఒక్కసారి చూపిస్తావా అమ్మా అంది, తెరిస్తే ఆ గడే, దాని కింద సిస్టమ్ రాత, పెన్సిలు-మెట్లు కనబడటం లేదు, ఎక్కడుందో చూపించండి, పిన్ని అది కూడబలుక్కుని చదివి, ఇది కూడా ఆయన్నే వెతుక్కుంటోందా తల్లీ అంది, కొత్త పేరున్న ఫైలు తెరిచి చూపిద్దామని తనకి తోచలేదు, పిన్ని కళ్లజోడు సంచిలో వేసుకుని వెళ్లిపోయింది,

ఇంకా ఆ సలహాలేనా, వాళ్లు చదివి బాగుచేసేసరికి మనం రిటైరైపోతాం, చేత్తో కలిపెయ్యమ్మా, సాయంత్రానికి ప్లాన్లు పంపాలి, అంటున్నాడు మేనేజరు వెనకనుంచి, అలాగేనండీ అంది, రాసింది పంపేసి ఒక్కో ప్లానూ తెరిచి కొత్త నంబరు చూపిస్తూ పోయింది, చూపించినచోటల్లా బాబాయ్ మెట్లు వచ్చి కూర్చుంటున్నాయి, సిస్టమ్ ఆ అడగడం మానేస్తోంది, ఆఖరి ప్లాను దగ్గర వేలు ఆగిపోయింది, పొద్దుటినుంచీ ఈ పని సాగనిది సిస్టమ్ చేతకానితనం వల్ల కాదని, ఇదీ కలిపేస్తే ఈ గదిలో ఆయన ఎక్కడని అడిగే నోరే ఉండదని అప్పుడు తెలిసింది, తెలిసే నొక్కింది, ఇక ఆయన్ని వెతుక్కునేది పిన్నీ తనూ, ఇద్దరే.