నిండుకున్న బ్యాటరీ

మైకమ్మ గొంతుకు మైకు అక్కర్లేదని బస్టాండులో అందరికీ తెలుసు. అయినా మైకు ముందు కూర్చున్నందుకే జీతమిచ్చేవారు కనుక, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో, ఎవరి సంచి ఎక్కడ దొరికిందో, తప్పిపోయిన పిల్లాడు ఏ రంగు చొక్కా వేసుకున్నాడో చెబుతూ ఆవిడ సర్వీసంతా ఆ గాజుగదిలోనే గడిపింది. అసలు పేరు జనం ఎప్పుడో మరిచిపోయారు. రిటైరయ్యాక ఆ గొంతు ఇంటికొచ్చింది. వంటింట్లోంచి "అమ్మాయ్" అంటే ముందుగదిలో ఉన్న కోడలే కాదు, పక్కింటి కోడలు కూడా "ఆఁ, వస్తున్నా" అనేది.

అలాంటి గొంతులో గడ్డ లేచింది. స్వరపేటిక తీసేస్తే ప్రాణానికి భయం లేదని, తీయకపోతే ఏమీ చెప్పలేమని డాక్టర్లు తేల్చేశారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదేనని మైకమ్మే ముందుగా హాస్యమాడింది గానీ, నవ్వడానికి ఎవరికీ మనసొప్పలేదు. కొడుకు గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. కోడలికి మాత్రం ఏడుపుతో పాటు మొండితనం కూడా ముంచుకొచ్చింది. ప్రాణం సంగతి డాక్టర్లు చూసుకుంటారు, గొంతు సంగతి నేను చూసుకుంటాను అనుకుంది. ఆమె ఒకటి అనుకుందంటే ఆరునూరైనా చేసి తీరే రకం.

దారి చూపింది ఆస్పత్రిలో మాటలు నేర్పే డాక్టరమ్మ. ఆపరేషన్‌కి ముందే మైకమ్మ చేత వందలకొద్దీ వాక్యాలు చదివించి ఒక ప్రోగ్రాంలో రికార్డు చేస్తే, ఆ తర్వాత ఆవిడ ఏది టైపు చేసినా కంప్యూటరు ఆవిడ గొంతుతోనే పలుకుతుందట. అయితే ఆ ప్రోగ్రాం ఫోన్లో ఎక్కదు. కొడుకు కంప్యూటరు ఆఫీసుది, అందులో బయటి ప్రోగ్రాం చీమంతది కూడా పెట్టనివ్వరు. ఇక మిగిలింది కోడలి లాప్‌టాప్ ఒక్కటే.

అది పేరుకే లాప్‌టాప్. ఎవరి ఒళ్లోనూ కూర్చున్న పాపాన పోలేదు. కోడలిది అచ్చుకు వెళ్లే పుస్తకాలకు పేజీలు కట్టే పని. పెద్ద తెర తగిలించి, చార్జరు గుచ్చి, కొన్ననాటి నుంచీ దాన్ని బల్లమీదే పాతేసింది. పగలూ రాత్రీ వైరు గుచ్చే ఉండేది. దాని లోపల ఒక బ్యాటరీ ఉందనీ, దానికీ బాగోగులు ఉంటాయనీ ఆమె ఏనాడూ అనుకోలేదు.

మొదటిరోజు రికార్డు చేసి పంపితే డాక్టరమ్మ తిప్పి పంపింది. మాట వెనక గుయ్యిమని రొద వస్తోందట. చార్జరు నుంచి వచ్చే రొద అది, వైరు తీసేసి బ్యాటరీ మీదే చెయ్యమంది. కోడలు వైరు పీకింది. పీకిన మరుక్షణం లాప్‌టాప్ కళ్లు తేలేసింది. అప్పుడు గానీ ఆమె తిప్పి చూడలేదు. అడుగు రేకు పంటినొప్పి వచ్చిన బుగ్గలా ఉబ్బి ఉంది.

బ్యాటరీ మార్చినతను ఒక్క ముక్కే చెప్పాడు. బల్లమీద వాడేదాన్ని ఎప్పుడూ నూటికి నూరు నింపి ఉంచకండి, ఎనభై దగ్గర ఆగేలా పెట్టుకోండి అన్నాడు. కోడలు ఇంటికొచ్చి ఆ మాటకి ముందూ వెనకా చదివేసింది. గొంతుదాకా నిండి, పక్కనే వేడి తగులుతూ, పనీపాటూ లేకుండా కూర్చున్న బ్యాటరీ లోలోపలే ముసలిదైపోతుందట. పని అయ్యేదాకా ఈ కొత్తదాన్ని కంటికి రెప్పలా చూసుకోవాలని నిశ్చయించుకుంది. ఎనభై దగ్గర హద్దు పెట్టింది. కిటికీలోంచి ఎండ పడకుండా బల్ల జరిపింది. కింద గాలి ఆడడానికి రెండు చెక్కముక్కలు పెట్టింది. రికార్డింగు ఉన్న పూట మాత్రం హద్దు తీసేసి నిండా ఎక్కించి, వైరు పీకి, అత్తగారిని ముందు కూర్చోబెట్టేది.

మైకమ్మకు ఈ ఎనభై ఒక పట్టాన మింగుడుపడలేదు. వచ్చేపోయేవాళ్లతో, మా కోడలు లాప్‌టాప్‌కి అర్ధాకలి పెడుతోంది, రేపు మంచాన పడితే నా గతేమిటో అని వేళాకోళమాడేది. కోడలు చిలక్కి చెప్పినట్టు చెప్పింది. కడుపు నిండా పెడితే దానికి ఆయుష్షు తగ్గుతుంది అత్తయ్యా, కాస్త ఆకలి మీద ఉంచితేనే పదికాలాలు బతుకుతుంది అంది. మైకమ్మ ఆ మాట పట్టుకుని తలాడించింది. అక్కడే వచ్చింది చిక్కంతా.

పొద్దున పూట ఆవిడ గొంతు తేటగా ఉండేది. ఎండెక్కే కొద్దీ బొంగురుపోయేది. అందుకని రోజూ ఉదయమే తలుపులు బిడాయించి, ఫ్యాను ఆపి, అత్తా కోడలూ కూర్చునేవారు. తెరమీద ఒక్కో వాక్యం వచ్చేది, మైకమ్మ చదివేది. డాక్టరమ్మ ఇచ్చినవన్నీ మంచాన పడ్డవాళ్ల మాటలు. నాకు నీళ్లు కావాలి. నాకు నొప్పిగా ఉంది. కిటికీ మూయండి. ఇన్నాళ్లూ ఊరికి దారి చెప్పిన గొంతుతో ఇవేం అడుక్కునే మాటలని ఆవిడ విసుక్కునేది. తిట్లెప్పుడొస్తాయని అడిగేది. చివర్లో మనిష్టమొచ్చిన మాటలకి చోటుంది, అప్పుడు తిడుదురుగానిలే అని కోడలు బుజ్జగించేది.

ఆస్పత్రిలో చేరాల్సిన రోజు రానే వచ్చింది. మధ్యాహ్నానికల్లా వెళ్లాలి. ఆఖరి కట్ట వాక్యాలు మిగిలిపోయాయి. అవి పూర్తికాకపోతే గొంతు తయారుకాదని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆ పొద్దున్నే ప్రెస్సు నుంచి ఫోను. ఒక పుస్తకంలో పేజీలు తారుమారయ్యాయి, వచ్చి చూస్తే గానీ యంత్రం తిప్పమన్నారు. కోడలు బ్యాటరీ హద్దు తీసేసి, చార్జింగులో పెట్టి, గంటలో వచ్చి కూర్చుందామని చెప్పి పరుగెత్తింది. ఆమె వెనకే కొడుకు కారులో పెట్రోలు పోయించడానికి బయల్దేరాడు. వెళ్తూ వెళ్తూ, ఇల్లు కదిలితే గోడ స్విచ్చులన్నీ కట్టే అలవాటు కొద్దీ, లాప్‌టాప్ స్విచ్చి కూడా కట్టేశాడు. వైరు గుచ్చే ఉంది, లోపలికి మాత్రం ఏమీ పోవడం లేదు. బ్యాటరీ తన ఒంట్లో ఉన్నది కరిగించుకుంటూ పెద్ద తెరను కూడా మోస్తూ కూర్చుంది.

ప్రెస్సులో పని తెమలక కోడలు ఇంటికి ఫోను చేసింది.

"అత్తయ్యా, బ్యాటరీ ఎలా ఉందో కాస్త చూస్తారా?"

మైకమ్మ వెళ్లి చూసింది. మూలన బొమ్మ ఎర్రగా, అడుగంటిపోయి ఉంది.

"నిండుకుందమ్మాయ్."

కోడలి గుండె కుదుటపడింది. "అయితే వైరు పీకేయండి. నేను వచ్చేస్తున్నా."

మైకమ్మ ఒక్క క్షణం తటపటాయించింది. ఖాళీగా ఉన్నదానికి వైరు పీకమంటుందేమిటి అనుకుంది. అంతలోనే, ఆకలి మీద ఉంచితే ఆయుష్షు అన్న మాట గుర్తొచ్చింది. ఈ చదువుకున్నవాళ్ల లెక్కలు మనకేం తెలుసులే అనుకుని చక్కగా వైరు పీకి, చుట్టచుట్టి పక్కన పెట్టింది.

కోడలు ఇల్లు చేరేసరికి తెర నల్లగా ఉంది. నొక్కితే పలకలేదు.

"నిండుకుందన్నారు కదత్తయ్యా."

"నిండుకుందనే అన్నాను."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బియ్యం నిండుకున్నాయంటే, పంచదార నిండుకుందంటే కోడలు సంచీ పట్టుకుని కొట్టుకి పరుగెత్తే మనిషే. మైకమ్మ జన్మలో అయిపోయింది అన్న మాట నోట రానివ్వదని ఆమెకు తెలియంది కాదు. కానీ డబ్బాల దగ్గర అర్థమయ్యే మాట బ్యాటరీ దగ్గర కొంప ముంచుతుందని ఎవరు కలగన్నారు? కోడలికి నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్లనిండా నీళ్లొచ్చాయి. తిట్టడానికి ఎవరూ దొరకలేదు. వెతికితే గోడ స్విచ్చి దొరికింది, కానీ దాన్ని కట్టినవాడు అప్పటికింకా ఇంటికి రాలేదు.

ఏడుస్తూ కూర్చుంటే బ్యాటరీ ఎక్కదు కదా. కోడలు కొంగుతో మొహం తుడుచుకుని పనిలోకి దిగింది. స్విచ్చి వేసి, లాప్‌టాప్‌ని పూర్తిగా ఆపేసి చార్జింగుకి పెట్టింది, అలాగైతే తొందరగా ఎక్కుతుందని. పెద్ద తెర వైరు ఊడబీకింది. సంచులు సర్దింది, అత్తగారికి ఫ్లాస్కులో గోరువెచ్చటి నీళ్లు పోసింది. కొడుకు వచ్చి సంగతి విని తెల్లమొహం వేశాడు. ఆపరేషన్ వాయిదా వేయమని అడుగుదామా అని గొణిగాడు. కోడలు తలెత్తకుండానే, గడ్డ వాయిదా వేసుకుంటుందేమో అడిగి రండి అంది. అతను సంచులు తీసుకెళ్లి కారు దగ్గర పెట్టాడు.

బయల్దేరే వేళకి మూడోవంతు ఎక్కింది. ఇక ఆగడానికి వీల్లేదు. లాప్‌టాప్‌ని కోడలు పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని కారెక్కింది. ఆస్పత్రి వెనక, గోడవారన, మనుషులు తిరగని మూల చూసి కారు ఆపించింది. ఇంజను కట్టించింది. మొగుణ్ణి దిగి దూరంగా నిలబడమంది. అద్దాలెత్తేసరికి లోపల నిశ్శబ్దం బావిలో ఉన్నట్టుంది. తెర వెలుతురు కంటికి ఆనేంత మాత్రం ఉంచి, అక్కర్లేని ప్రోగ్రాములన్నీ మూసి, నెట్టు కూడా కట్టేసి, చదవండత్తయ్యా అంది.

మైకమ్మ గొంతు అప్పటికే బొంగురుపోవడం మొదలైంది. రెండు గుక్కలు నీళ్లు తాగి, మైకు ముందు కూర్చున్నట్టు నడుం నిటారుగా పెట్టి చదివింది. తప్పు పోతే మళ్లీ చదివింది. చెమట కణతల మీదుగా కారుతోంది, అయినా అద్దం దించమనలేదు. కోడలు ఒక కన్ను వాక్యం మీదా, ఒక కన్ను బ్యాటరీ మీదా పెట్టి మీటలు నొక్కుతోంది. అది తరుగుతోంది, వాక్యాలూ తరుగుతున్నాయి. ఏది ముందు ముగుస్తుందో తెలియక ఆమె పళ్లు బిగించుకుని కూర్చుంది.

వాక్యాలే ముందు ముగిశాయి. తెరమీద, మీకు నచ్చిన మాటలు చెప్పండి అని వచ్చింది. బ్యాటరీ బొమ్మ ఎర్రబడింది.

"ఇక తిట్టుకోండి అత్తయ్యా."

మైకమ్మ అద్దంలోంచి బయట నిలబడ్డ కొడుకుని చూసింది. ఇల్లు కదిలితే లోకానికంతా స్విచ్చి కట్టేసే వెధవా అని మొదలెట్టింది. చిన్నప్పుడు పోగొట్టిన గొడుగుల దగ్గర్నుంచి మొన్న మాడ్చిన పాలగిన్నె దాకా ఏదీ వదల్లేదు. బొంగురులోనే పాత జోరు వచ్చేసింది. ఎత్తిన అద్దాల్లోంచి కూడా కొడుక్కి వినబడ్డట్టుంది, అతను నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ చేతులు జోడించాడు. కోడలు భద్రపరిచే మీట నొక్కింది. ఆ తర్వాత తెర ఆరిపోయింది. ముగ్గురూ సంచులు తీసుకుని లోపలికి నడిచారు.

ఆపరేషన్ బాగానే జరిగింది. మెడ కింద చిన్న గొట్టం, చుట్టూ కట్టు. మైకమ్మ పెదాలు కదిపేది, గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. పక్క మంచం వాళ్లకు ఆవిడ మౌనం మామూలు మౌనమే. కోడలికి ఆ మౌనం వినలేక వార్డు బయటికి పోయి నిలబడాలనిపించేది. నిలబడింది కూడా, కానీ ఎక్కువసేపు కాదు. ఇంట్లో బల్లమీద లాప్‌టాప్ ఎనభై దగ్గర ఆగి ఉందో లేదో చూసుకోవాలి, డాక్టరమ్మకి ఫోను చేసి గొంతు ఎంతదాకా వచ్చిందో అడగాలి. ఇక ఆ బ్యాటరీ ఎంత సాగితే అత్తగారి మాట ఇంటి గడప దాటి అంత దూరం పోతుంది. అందుకని గోడ స్విచ్చి మీద పెద్దక్షరాలతో, ఇది కట్టినవాళ్లకి అన్నం లేదు అని చీటీ అంటించింది.

గొంతు తయారైందని కబురొచ్చిన రోజున ఆమె పొద్దున్నే నిండా ఎక్కించి, లాప్‌టాప్‌ని ఆస్పత్రికి తీసుకొచ్చింది. డాక్టరమ్మ వచ్చేదాకా, వచ్చి అన్నీ సరిచూసేదాకా మంచం పక్కనే నిలబడి ఉంది. ఉన్న ఒక్క కుర్చీలో కొడుకు కూర్చుని ఉన్నాడు. మైకమ్మ ఒళ్లో లాప్‌టాప్ పెట్టారు. ఆవిడ చూపుడువేలితో అక్షరం అక్షరం వెతుక్కుంటూ చాలాసేపు కొట్టింది. నీళ్లడుగుతుందేమో, నొప్పంటుందేమో అని అందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. చివరికి మీట నొక్కింది.

"ఒరేయ్, లేచి అమ్మాయిని కూర్చోనివ్వరా. పొద్దుటినుంచి నిలబడే ఉంది."

వార్డు ఆ చివరిదాకా వినబడింది. కొడుకు గబుక్కున లేచాడు. కోడలు కుర్చీలో కూర్చుని, రెండు చేతుల్లో మొహం దాచుకుని, వెక్కివెక్కి ఏడ్చింది.