సానుకూలమను మాట

ఇటు నా దగ్గరకు జరిగి కూర్చుండుడమ్మలారా. మన పట్టణమున వీధులూడ్చు ఆడువారిని ఒక మెత్తని మాట ఎట్లు మోసపుచ్చినదో చెప్పెదను వినుడు. చెప్పవలెనన్న నాకిప్పటికిని కడుపు మండును.

అది జ్యేష్ఠమాసము. ప్రచండమార్తాండకిరణసంతప్తమై తారురోడ్డు కరగి చెప్పులకంటుకొనుచుండ ధూళిధూసరితపత్రములతో వీధిచెట్లు వాడి వ్రేలుచుండ సముద్రమువైపునుండి వచ్చు గాలి సైతము ఉక్కను హెచ్చించుటకే వచ్చినట్లు వీచుచుండ, తెల్లవారుజామునుండి చీపుళ్లు పట్టి అలసిన పురపాలకసంఘపు స్త్రీలు శాసనసభ్యుడైన దామోదర పాత్రుని మేడవాకిట గుంపుగూడి నిలిచియుండిరి. వారి ముందు శాలువయు పూలదండయు చేతబూని నిలిచినవాడు వారి సంఘాధ్యక్షుడు తవిటయ్య. జీతములు పెంచవలెననియు ఇకపై పనినుండి దిగువారికి పింఛను ఈయవలెననియు పాత్రుడు శాసనసభలో నోరు విప్పవలెనని వారి వేడుకోలు.

వారిలో పెద్దది అసిరమ్మ. ఊరి మురికి ఎత్తుటలోనే ఆమె వయసు కరగిపోయినది. మగడు లేడు, బిడ్డలు లేరు. దసరా వెళ్లినంతనే వయసు మీరినదని ఆమెను పనినుండి దించివేయుదురు. ఆలోపల పింఛను రాకున్న అద్దెగది తాళపుచెవి ఇంటివారి చేతబెట్టి వీధినబడుటయే ఆమెకు మిగులును.

పాత్రుడు కాఫీ సేవించి పూజ ముగించి వీరి తలలు మాడిన పిమ్మట తీరికగా వెలికి వచ్చెను. సకలభోగపరిపుష్టమైన ఆ ముఖమున దయ యనునది ఎవరైన శాలువ కప్పిన క్షణమున మాత్రమే తోచును. చేతి ఫోనునందు కన్నులుంచియే విన్నపమాలకించి, “సానుకూలంగా పరిశీలిస్తాం” అనెను. తవిటయ్య చప్పట్లు చరచెను. అందఱును చరచిరి. అసిరమ్మ మాత్రము చేతులు కదపక అడిగెను.

“అదేటి బాబూ? ఇత్తామనా, ఇవ్వమనా?”

“తవిటయ్యా, మీ ముసలమ్మకి కాస్త తెలుగు నేర్పించవయ్యా” అని పాత్రుడు నవ్వెను. ఆయన నవ్వినందున వాకిటివారందఱును నవ్విరి.

తిరిగి వచ్చు దారిని తవిటయ్య చెప్పినదేమనగా, పెద్దల నోట ఆ మాట వచ్చుట పని అయిపోవుటయేనట. ఆయన మరవకమునుపే కృతజ్ఞత చూపవలెనట. మఱునాడు మూడురోడ్ల కూడలిలో ఆయన ఫ్లెక్సీకి పాలాభిషేకము చేయవలెనట. పెద్దది కావున అసిరమ్మయే పోయవలెనట.

“సేతికొచ్చాక పోత్తానురా తవిటీ. ఇప్పుడెందుకు?” అని ఆమె అనెను.

“నువ్వు పొయ్యకపోతే ఆయనకి కోపమొస్తాదత్తా. నీ మొండితనానికి అందరి నోట్లో మట్టి కొడతావేటి?”

ఆ మాటకు లొంగి ఆమె పోసెను. క్షీరధారలు పాత్రుని చిత్రపటమందహాసముమీదుగా జాఱి, ఉదయమున ఆమెయే ఊడ్చిన రోడ్డుపై మడుగుగట్టెను. పత్రికలవారు ఫొటోలు తీసికొనిపోయిరి.

పిమ్మట శాసనసభ కూడెను. ప్రతిపక్షసభ్యుడొకడు ఊడ్చువారి పింఛను మాట ఎత్తినంతనే దామోదర పాత్రుడు ఆ ఫొటో అచ్చయిన పత్రికను ఎత్తిపట్టి లేచెను. “వాళ్లకి లేని బాధ మీకెందుకండీ? ఈ పెద్దమ్మ సంతోషంతో పాలు పోస్తోంది చూడండి” అనెను. సభ ఘొల్లున నవ్వెను. ఆ నవ్వులో వీరి ప్రశ్న మునిగిపోయెను. ఆ వెంటనే సభ్యుల భత్యములు పెంచు ప్రతిపాదన వచ్చి అప్పుడే నెగ్గెను. దానిని పరిశీలింపవలెనని మాత్రమెవ్వరికిని తోచలేదు.

ఇదంతయు స్త్రీలు టీకొట్టు టీవీలో చూచిరి. తవిటయ్య తలవంచుకొని, ఈసారి మఱింత పెద్ద దండతో పోవుదమని గొణిగెను.

“దండొద్దు. నాను మాటాడతాను” అని అసిరమ్మ లేచి నడచెను.

పాత్రుడు పట్టణమునకు తిరిగి రాకమునుపే దసరా వెళ్లెను. ఆమెను పనినుండి దించిరి. గదియు పోయెను. ఇక పింఛను వచ్చినను ఆమెకు గాక ఆమె తరువాత దిగువారికే వచ్చును. అయినను ఆమెయే ముందు నడచి అందఱను పాత్రుని వాకిటికి గొనిపోయెను.

ఆయన కారెక్కబోవుచు, “మీ విషయం సానుకూలంగా” అని మొదలిడెను.

“ఆ మాటొద్దు బాబూ. నా బొమ్మ సూపించి పదిమందినీ నవ్వించినావు. ఔనను, నేకపోతే కాదను.”

కారు చుట్టును నిలిచిన స్త్రీలలో ఒక్కతెయు కేక వేయలేదు, ఒక్కతెయు కదలలేదు. పాత్రుడు నవ్వి చూచెను, ఎవ్వరును నవ్వలేదు. గద్దించి చూచెను, ఎవ్వరును బెదరలేదు. తుదకు కోపోద్రేకరక్తనేత్రుడై నిజము కక్కెను.

“కాదు. ఇవ్వం. ఏం చేసుకుంటారో చేసుకోండి.”

తవిటయ్య రెండడుగులు వెనుకకు జరిగెను. అసిరమ్మ కొంగు నడుమున దోపుకొని, “మంచిది బాబూ. ఇన్నాళ్లకి మాతో మాటాడినావు” అనెను.

మఱునాటి సూర్యుడు ఊడ్వని వీధులపై ఉదయించెను. పురపాలకసంఘ కార్యాలయమునెదుట సమ్మెపందిరి లేచెను. ఇల్లులేని అసిరమ్మ ఆ పందిరిక్రిందనే పొయ్యి పెట్టి, తనకు రాని పింఛనుకై పోరాడువారికి గంజి కాచుచు కూర్చుండెను.

మీరును రేపు ఎవరి వాకిటనో నిలువవలసినవారే. ఔనో కాదో తేలకమునుపు చేతులు జోడింపవలదని అసిరమ్మ పేరు చెప్పి మీ పిల్లలకు వినిపింపుడు. నేను పోయినను ఈ కథను పోనీయకుడమ్మలారా.