ముందు మోగని ఈల

నేను ఒక ఈలను. ఇత్తడిదాన్ని. ఎక్కడో ఉత్తరాదిన ఒక చిన్న కార్ఖానాలో రేకును వంచి, అతికించి, కడుపులో బఠాణీ గింజంత బెండు ముక్క వేసి నన్ను చేశారు. ఆ బెండు ముక్కే నా ప్రాణం. ఊపిరి తగిలితే అది గిర్రున తిరుగుతుంది, నేను మోగుతాను. తగలకపోతే మెడలో వేలాడే చిల్లర సామానుని. తప్పు కళ్ళముందు జరుగుతున్నా సొంతంగా అరవలేను. ఈ సంగతి మొదట్లోనే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కథంతా విన్నాక "నువ్వేం చేస్తున్నావు అప్పుడు?" అని నన్నే అడిగేవాళ్ళుంటారు. నోరున్నవాణ్ణి వదిలేసి నోరులేనిదాన్ని నిలదీయడం మనుషులకు బాగా అలవాటు.

నా మొదటి యజమాని ఆదిశేషయ్య, ట్రాఫిక్ కానిస్టేబులు. గుంటూరు జిల్లాలో ఒక చిన్న పట్నం మాది. ఆ పట్నంలో మూడు రోడ్ల కూడలిలో నిలబడి పదహారేళ్ళు నన్ను ఊదాడు. సైకిలు మీద ముగ్గురెక్కితే ఊదేవాడు, ఎడ్లబండి గీత దాటితే ఊదేవాడు. పెద్దవాళ్ళ కారు అడ్డదిడ్డంగా దూసుకొస్తే మాత్రం నన్ను నోట్లోంచి తీసి సెల్యూట్ కొట్టేవాడు. అయినా మనిషి దగ్గర ఒక మంచి మాట ఉంది. ఉద్యోగం నుంచి దిగిపోయిన రోజు నన్ను మేనల్లుడి చేతిలో పెట్టి చెప్పాడు.

"ఈల ముందు ఊదాలిరా ఏడుకొండలూ. జరిగినాక ఊదితే అది ఏడుపే."

తను ముందు ఊదకుండా ఊరుకున్నవి ఎన్నో ఆయన చెప్పలేదు. నాకు లెక్క తెలుసు గానీ నన్నెవరూ అడగలేదు.

ఆ మేనల్లుడే ఏడుకొండలు మాస్టారు, మా పట్నం కబడ్డీ క్లబ్బుకి కోచ్. ఇరవై రెండేళ్ళు ఆయన మెడలో ఉన్నాను. ఆయన చెమట తాగాను, ఆయన కోపం మోగాను. మాస్టారికి ఆటలో ఒకటే పట్టుదల. కూతకొచ్చినవాడి వేలు నీ ఒంటికి తగిలిందా, అంపైరు చూశాడా లేదా అని చుట్టూ చూడకూడదు. నువ్వే చెయ్యెత్తి గీత దాటి బయటికి రావాలి. మిగతా జట్లవాళ్ళు మమ్మల్ని చూసి నవ్వేవాళ్ళు, చేజేతులా పాయింటు ఇచ్చుకునే వెర్రిబాగుల జట్టని. మాస్టారు మీసం మెలేసేవాడు. "ఆట ఓడిపోతే వచ్చే యేడు గెలవచ్చు. చెయ్యెత్తడం మానితే మళ్ళీ రాదు" అనేవాడు. అలా ఎత్తకుండా నిలబడిన పిల్లల్ని వారం రోజులు గ్రౌండు బయట కూర్చోబెట్టేవాడు. నాకు ఆ మనిషి మెడలో ఉన్నందుకు గర్వంగా ఉండేది. దాచుకోవడం దేనికి, చాలా గర్వంగా ఉండేది.

గ్రౌండు చూసుకునేది మరియదాసు. తెల్లవారేసరికి వచ్చి మట్టి తడిపి, రాళ్ళేరి, సున్నంతో గీతలు వేసేవాడు. తాడు పట్టకుండా కంటి చూపుతో వేసినా గీత వెంట్రుకవాసి వంకర పోయేది కాదు. శనివారం శనివారం మాస్టారి దగ్గర నన్ను తీసుకుని చింతపండుతో తోమి బంగారంలా చేసి ఇచ్చేవాడు. నన్ను ఊదినవాళ్ళు చాలామందే గానీ తోమినవాడు అతనొక్కడే.

లీలాకృష్ణని క్లబ్బుకి తెచ్చింది కూడా మాస్టారే. హాస్టల్లో ఉండి చదువుకుంటున్న బక్కపిల్లాడు, ఊపిరి మాత్రం కొలిమి తిత్తి. మాస్టారు అన్నం పెట్టాడు, ఆట నేర్పాడు, చెయ్యెత్తడం నేర్పాడు. ఇరవై మూడేళ్ళు వచ్చేసరికి వాడు కూతకి వెళితే ఎదుటి జట్టు వెనక్కి జరిగేది. మోకాలికి ఒకసారి దెబ్బ తగిలి నాలుగు నెలలు మంచాన పడితే మాస్టారు స్వయంగా నూనె రాసి నిలబెట్టాడు. అప్పట్నించీ ఆ మోకాలు క్లబ్బు ఆస్తి. కూడళ్ళలో ఫ్లెక్సీలు లేచాయి. ప్రైవేటు లీగువాళ్ళు పిలిచారు. కారు వచ్చింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించినప్పుడు ముందు సీట్లో కూర్చున్నది మాస్టారే. కన్నతండ్రికి కూడా అంత పొంగు ఉండదు.

ఆ కారు జోరు అందరికీ తెలుసు. స్కూలు ముందు ఎనభైలో పోతాడని మరియదాసు రెండుసార్లు మాస్టారి చెవిన వేశాడు. "కుర్రాడు కదా, చెబుతాలే" అన్నాడు మాస్టారు. గ్రౌండులో వేలు తగిలితే వారం శిక్ష వేసిన మనిషి, రోడ్డు మీద సంగతికి చెబుతాలే అన్నాడు. గీత బయట ఆట కాదని ఆయన నమ్మకం కాబోలు.

రాష్ట్ర ఫైనల్ పది రోజులుందనగా ఒక పొద్దున ఇద్దరూ కార్లో గ్రౌండుకి బయల్దేరారు. నేను మాస్టారి మెడలో ఉన్నాను. లీలాకృష్ణ ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని, సెమీఫైనల్లో ఒకే కూతలో ముగ్గుర్ని ఔట్ చేసిన వీడియో చూపిస్తున్నాడు. మాస్టారు అటు వంగి చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇంకోసారి పెట్టరా" అన్నాడు.

వాడు పెట్టాడు. ఇద్దరూ తెరలోకి తలలు దూర్చారు. ఎదురుగా రోడ్డు చూస్తున్నది నేనొక్కదాన్నే. వెనక క్యారేజీ మీద సున్నం బస్తాతో సైకిలు తొక్కుకుంటూ మరియదాసు రోడ్డు పక్కన తన దారిన తను వెళుతున్నాడు. నేను మాస్టారి పెదవులకి జానెడు దూరంలో ఉన్నాను. ఒక్క ఊపిరి చాలు.

బస్తా పగిలి రోడ్డు పొడుగునా సున్నం పడింది. మరియదాసు చేతిమీదుగా పడిన గీతల్లో అదొక్కటే వంకరగా ఉంది.

తర్వాత జరిగింది చెప్పడానికి నాకు ఇప్పటికీ కష్టం. కారు ఆగగానే మాస్టారి చెయ్యి తలుపు మీదికి పోలేదు. అలవాటుగా లీలాకృష్ణ మోకాలి మీదికి పోయింది. అటూ ఇటూ నొక్కి చూశాడు.

"మోకాలు బాగానే ఉందా?" అని అడిగాడు.

అద్దం దించి ఉంది. బయట సున్నంలో పడి ఉన్న మరియదాసు, తననే అడుగుతున్నారనుకున్నాడు.

"లేదు మేష్టారూ" అన్నాడు. "కదలట్లేదండీ."

ఆ కాలు మోకాలి కింద నుంచి తీసేశారు.

ఆదివారం పొద్దున క్లబ్బు హాల్లో కమిటీ కూర్చుంది. అధ్యక్షుడు భావనారాయణ గారు, రైసుమిల్లు ఆసామి. లీలాకృష్ణని క్లబ్బు నుంచి తీసెయ్యాలా వద్దా అన్నదే విషయం. పోలీసు కేసు నడుస్తోంది, శిక్ష వెయ్యాలో లేదో కోర్టు చూసుకుంటుంది, మధ్యలో మనమెవరం అన్నాడొకాయన. బ్యాంకు గుమాస్తా కారుతో గుద్దితే బ్యాంకు వాడి ఉద్యోగం పీకుతుందా అన్నాడు ఇంకొకాయన. కూతకి వెళ్ళి రూలు తప్పితే మనది, కార్లో వెళ్ళి తప్పితే సర్కారుది అని ఒకాయన పంచాయతీ తెగ్గొట్టాడు. వాదనలు తీసిపారేసేవి కావు. ఒక్క తప్పుకి కుర్రాడి బతుకంతా నేలపాలు చెయ్యడం న్యాయమేనా అని నేనూ అనుకున్నాను.

కాకపోతే నాకు నాగూర్ గుర్తొచ్చాడు. అంతకు ముందు యేడు వాడు తాగి మోటారు సైకిలు నడుపుతూ దొరికాడు. ఎవరినీ గుద్దలేదు, ఎవరికీ గీత పడలేదు. ఇదే హాల్లో, ఇదే బల్ల చుట్టూ, టీలు చల్లారే లోపల వాణ్ణి పీకేశారు. క్లబ్బు పరువు అన్నారు. పిల్లలు చూసి చెడిపోతారన్నారు. అప్పుడు ఎవరికీ కోర్టు గుర్తు రాలేదు. నాగూర్ అదనపు ఆటగాడు మరి, బెంచీ మీద కూర్చునేవాడు. పరువు బరువెంతో మనుషుల ఆట చూసి తూస్తారు.

మరియదాసు భార్య కరుణమ్మ వచ్చింది. కుర్చీ వేశారు గానీ కూర్చోలేదు. గ్రౌండు బయట జరిగినదానికి క్లబ్బుకి సంబంధం లేదమ్మా అని భావనారాయణ గారు మెత్తగా చెప్పారు.

"ఆ బాబు ఒంటి మీద ఉంది మీ క్లబ్బు చొక్కానే గదండీ" అంది ఆమె. "అది విప్పించమనే అడుగుతున్నా. ఇంకేం అడగట్లా."

ఆమె మాస్టారి వైపు తిరిగింది.

"మేష్టారూ, పక్కనే ఉన్నారు గదా తమరు. ఆ బాబు రోడ్డు చూస్తున్నాడా?"

మాస్టారి చెయ్యి నన్ను పట్టుకుంది. గుప్పిట్లో నా అంచు అరచేతికి గుచ్చుకునేంత గట్టిగా. ఇప్పుడు లేస్తుంది ఈ చెయ్యి అనుకున్నాను. తగిలింది మాస్టారూ, మీకే తగిలింది. అంపైరు చూడలేదు, అంతే. మీరు ఇరవై రెండేళ్ళు పిల్లలకి చెప్పినదే ఇప్పుడు మీరు చెయ్యాలి. ఇంకోసారి పెట్టమన్నది నేనేనని చెప్పి, చెయ్యెత్తి, గీత దాటి బయటికి పోవాలి.

బల్ల చివర కూర్చున్న లీలాకృష్ణ తలెత్తి మాస్టారి వైపు చూశాడు. వాడి కుడి చెయ్యి ఒళ్ళో నుంచి కొంచెం లేచి ఆగింది. గురువు ఎత్తితే వాడూ ఎత్తేవాడే. నేను ప్రమాణం చేసి చెప్పగలను, ఎత్తేవాడే.

"నేను గమనించలేదమ్మా" అన్నాడు మాస్టారు.

లీలాకృష్ణ చెయ్యి దిగిపోయింది.

తీసెయ్యాలనేవాళ్ళని చేతులెత్తమన్నారు. ఒక్క చెయ్యీ లేవలేదు. లీలాకృష్ణకి హెచ్చరిక ఉత్తరం ఇచ్చారు. మరియదాసుకి గాయం మానాక కొయ్యకాలు, శాలువా, గేటు దగ్గర కూర్చుని చేసుకునే ఉద్యోగం ఇచ్చారు. శాలువా కప్పేటప్పుడు ఫొటో కూడా తీశారు. కరుణమ్మ ఆ ఫొటోలో లేదు.

ఫైనల్ గెలిచాం. పట్నమంతా ఊరేగింపు. కప్పు కోసం గాజు బీరువా చేయించారు. మూడు నెలల తర్వాత మళ్ళీ ప్రాక్టీసు మొదలైంది. కూతకొచ్చిన కుర్రాడి వేళ్ళు లీలాకృష్ణ భుజాన్ని రాసుకుంటూ పోయాయి. అందరూ చూశారు. వాడు కదల్లేదు. చెయ్యి నడుం మీదే పెట్టుకుని మాస్టారిని చూస్తూ నిలబడ్డాడు. నేను మాస్టారి నోట్లోనే ఉన్నాను. ఊపిరి లోపలికి వచ్చింది, వెచ్చగా తగిలింది, బెండు ముక్క ఒక్క పిసరు కదిలింది. అంతలో ఆగిపోయింది. మాస్టారు నన్ను నోట్లోంచి తీసి అవతలివైపు తిరిగాడు. ఆ పూట మిగతా పిల్లలు కూడా ఎవరూ చెయ్యెత్తలేదు. ఇరవై రెండేళ్ళు కట్టిందంతా ఒక్క పూటలో పోయింది.

సాయంత్రం ఇంటికి పోతూ ఆయన గేటు దగ్గర ఆగాడు. మెడలోంచి నన్ను తీసి మరియదాసు ఒళ్ళో పెట్టాడు. కార్లు పెట్టించడానికి పనికొస్తుందన్నాడు. ఇంకేదో చెప్పబోయాడు. మరియదాసు తల దించుకుని నా తాడు చిక్కు తీస్తున్నాడు. తల ఎత్తలేదు. మాస్టారు వెళ్ళిపోయాడు.

అలా నేను తిరిగి తిరిగి మళ్ళీ రోడ్డుకే వచ్చాను. ఇప్పుడు క్లబ్బుకి కార్లు బాగా వస్తున్నాయి. మరియదాసు కొయ్యకాలు బిగించుకుని, ఒక్కో కారు వెనక్కి పోయి నిలబడి, రమ్మనీ ఆగమనీ నన్ను ఊదుతాడు. గీతలు వేసేవాడు కదా, కార్లు కూడా వరసలో వెంట్రుకవాసి తేడా లేకుండా నిలబెడతాడు. శనివారం నన్ను తోముతూనే ఉన్నాడు.

నిన్న లీలాకృష్ణ వచ్చాడు. కొత్త కారు, ఇంకా పెద్దది. గోడవైపు వెనక్కి వస్తోంది. గోడకీ కారుకీ మధ్య మరియదాసు నిలబడి ఉన్నాడు. కారు నెమ్మదిగా దగ్గరికొస్తోంది. అద్దం దిగింది.

"ఇంకా రావచ్చా బాబాయ్?" అన్నాడు లీలాకృష్ణ. వాడి తల ఒళ్ళో ఉన్న ఫోను మీదికి వంగి ఉంది.

మరియదాసు నన్ను నోట్లో పెట్టుకుని ఊదాడు. ఇంకా రెండు బారల దూరం ఉండగానే, ముందే ఊదాడు.

కారు అక్కడికక్కడే ఆగింది.