చేప మొప్పలకు ఎరుపు

అప్పటికి మా స్నానాల గది తలుపు పూర్తిగా తెరుచుకుని ఏడు నెలలైంది. దాని వెనక నీలం రంగు ప్లాస్టిక్ మూతల బస్తా అడ్డం. పచ్చవి వంటింటి అటక మీద, తెల్లవి మంచం కింద. తెగిన చెప్పులు, వలతాళ్ళు, అరిగిన బ్రష్షులు ఎక్కడ పడితే అక్కడ. రోజంతా ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టి, ఇంటికొచ్చి ఇవన్నీ దాటుకుంటూ మంచం చేరేసరికి నా తల ప్రాణం తోకకొచ్చేది.

ఇదంతా మా ఆయన ఘనకార్యం. డ్రాయింగు మాస్టారుగా రిటైరయ్యాక, ప్రతి ఆదివారం బీచ్ శుభ్రం చేసే గుంపుతో వెళ్ళి, ఏరినదాంట్లో సగం ఇంటికి మోసుకొచ్చేవారు. దాంతో లైబ్రరీ గోడకు నిలువెత్తు చేప చేస్తుండేవారు. ఆయనకో నియమం ఉంది. చేపలో ప్రతి ముక్కా ఒడ్డున దొరికిందే కావాలి. కొన్నది పనికిరాదు, ఇంట్లోది అసలే పనికిరాదు.

నా బాధ చేప గురించి కాదు, ఆయన మోకాలి గురించి. చిప్ప అరిగిపోయింది, ఇంకా ఆలస్యం చేస్తే నడకే కష్టమని డాక్టరు ఆపరేషన్‌కు రెండుసార్లు తేదీ ఇచ్చాడు. రెండుసార్లూ ఈయనే వాయిదా వేశారు.

"మొప్పలొక్కటే కదా మిగిలింది. అవి అయిపోనీ, నువ్వు ఎక్కడికి రమ్మంటే అక్కడికొస్తా."

మొప్పలకు ఎరుపు కావాలి. ఎండకు అన్నిటికంటే ముందు వెలిసిపోయేది ఎరుపేనట. ఆరు ఆదివారాలు కుంటుతూ వెతికితే గుప్పెడు ముక్కలు దొరికాయి, అవీ పాలిపోయినవే. ఎంత చెప్పినా ఆయన చెవికెక్కలేదు. నాకూ చెప్పే ఓపిక అయిపోయింది.

ఆ శనివారం పని నుంచి రాగానే మా ఎర్ర బకెట్టు మూతను పెద్ద కత్తెరతో ముక్కలు చేశాను. బట్టల క్లిప్పుల్లో ఎర్రవి కలిపాను. మొత్తం పన్నెండు. సాయంత్రం బీచ్‌కి వెళ్ళి ఇసుకలో అక్కడక్కడా గుచ్చి వచ్చాను. జన్మలో రోడ్డు మీద బస్సు టికెట్టు కూడా పారేయని దాన్ని.

మర్నాడు మధ్యాహ్నం ఆయన వచ్చి ఎర్ర ముక్కలు బల్ల మీద వరుసగా పెట్టారు. మొహంలో సంతోషం లేదు. ఒక ముక్క అంచును బొటనవేలితో తడిమారు.

"నీళ్ళలో నలిగినదానికి ఇంత పదును ఉండదు. కత్తెరతో కోశారు. ఇదేమో మన బకెట్టు మూత వంపు. ఇరవై ఏళ్ళుగా రోజూ తీసి పెడుతున్నా, నాకు తెలీదా?"

నేను దొరికిపోయిన దొంగలా నిలబడ్డాను. తర్వాత ఒళ్ళు మండింది.

"అవును, నేనే పారేశాను. పొద్దున లేస్తే మీరు గోడ పట్టుకుని నిలబడ్డం నేను చూడలేనండీ. నావల్ల కాదు. చేప పూర్తయితే మీ కాలు దక్కుతుందనుకున్నా."

ఆయన చేతిలోని ముక్కను మెల్లగా బల్ల మీద పెట్టారు. లేచి జిగురు డబ్బా తెచ్చుకున్నారు.

"ఒడ్డున దొరికినవే కదా," అన్నారు, నా వైపు చూడకుండా. డబ్బా మూత తీస్తూ, "ఎన్ని పారేశావు?" అన్నారు.

"పన్నెండు."

"గుంపంతా కలిసి వెతికితే పదే దొరికాయి."

నేను బల్ల మీది ముక్కల్ని మళ్ళీ లెక్కపెట్టాను. రాత్రి సముద్రం పోటు మీదుందని ఆయన అన్నారు. అంటే నావి రెండు కొట్టుకుపోయాయన్నమాట.

ఆపరేషన్ అయింది. కాలి కింద రెండు దిళ్ళు వేసుకుని పడుకుంటున్నారు. లైబ్రరీలో చేపను చూసినవాళ్ళంతా మొప్పల్నే మెచ్చుకుంటున్నారట.

వారంలో నాకున్న సెలవు ఒక్క ఆదివారమే. ఆ రోజు బస్తా పట్టుకుని ఆయన బదులు నేను వెళ్తున్నాను. గుంపును నడిపే మందుల షాపు అమ్మాయి నన్ను చూసి ముచ్చటపడింది.

"మాస్టారు మిమ్మల్ని కూడా మార్చేశారే పిన్నిగారూ!"

అవునన్నట్టు తలూపి వంగాను. వంగి వంగి నడుము విరిగిపోతోంది. ఇంటికి రాగానే ఆయన బస్తా వైపు కాదు, నా మొహంలోకి చూస్తారు.

"దొరికాయా?"

ఊరందరి చెత్తా దొరుకుతోంది. నాది మాత్రం ఇంకా దొరకలేదు.