తలుపు వెనక మూడు గీతలు

"చెమ్మ పోగొట్టడం మన పని కాదు, కనపడకుండా చెయ్యడమే మన పని" అనేవాడు రంగుల మేస్త్రీ. అద్దె ఇళ్ళలో బూజు పట్టిన గోడల మీదే రెండు పూతలు కొట్టి, తలుపు వెనక మూడుసార్లు బ్రష్షు తుడిచి, చేతులు దులుపుకునేవాడు. అలా ఎన్ని ఇళ్ళు చేశాడో ఆయనకే గుర్తులేదు.

ఈ వానల్లో, కూతురు కొత్తగా అద్దెకు దిగిన ఇంటికి వెళ్ళాడు. మనవరాలు పిల్లికూతలతో ఆయాసపడుతోంది.

"ఇక్కడికొచ్చాకే మొదలైంది నాన్నా. ఈ బూజు గాలే దాని ఊపిరి తీస్తోందన్నాడు డాక్టరు" అంటూ కూతురు మంచం జరిపింది. ఉబ్బిన రంగు పెచ్చులుగా ఊడి, కింద గోడంతా నల్లగా ఉంది.

మేస్త్రీ గది తలుపు వెనక్కి తొంగిచూశాడు. తన మూడు గీతలూ అక్కడే ఉన్నాయి.

"ఈ రంగు ఎవడు వేశాడో గానీ, వాడి చేతులు పడిపోను" అంది కూతురు.

ఆయన చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు.