మా తాతగారి పిస్తోలు

దసరా మర్నాడు ఇత్తడి సామానుతో పాటు పిస్తోలు శుభ్రం చేయడం కూడా రామలక్ష్మి పనే. పూజనాడు భర్త జగన్నాథరావు దానికి తడి పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, "ఆయుధం, ఆడవాళ్ళు ముట్టకూడదు," అని ఆమెను గుమ్మంలోనే ఆపేస్తాడు. తెల్లారేసరికి ఆ తడికి ఇనుము తుప్పు పట్టడం మొదలెడుతుంది. అప్పుడు మాత్రం ముట్టొచ్చు.

నిజానికి అది ఆమె తండ్రిది. మగపిల్లలు లేని ఆయన పోతూ పోతూ కూతురి చేతిలో పెట్టాడు. ద్రాక్షారామంలో పుట్టింటి నుంచి ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది. ఏడాది తిరక్కుండానే అది జగన్నాథరావు నోట 'మా తాతగారి పిస్తోలు' అయిపోయింది. ఆ తాతగారు దాన్ని తెల్లదొర చేతిలోంచి లాక్కున్నారట. ఆయన కోడిపుంజు మీదికొస్తే మంచమెక్కే మనిషని అత్తగారే ఒకసారి నోరు జారింది.

ఈసారి శుభ్రం చేస్తూ రామలక్ష్మి భూతద్దం పెట్టి పిస్తోలు మీది ముద్రలు చూసింది, పాత ఆయుధాల సంగతి తెలిసినవాళ్ళకి ఫొటోలు పంపింది. ఫ్రెంచి గుర్రపు దళం వాడిన చెకుముకి పిస్తోలని తేలింది. ముత్తాత ఫ్రెంచివాళ్ళ యానాంలో బియ్యం వ్యాపారం చేసేటప్పుడు కొన్నాడని నాన్న చెప్పిన మాటకి సరిపోయింది. ఆ సంగతి చెప్పబోతే, "పిస్తోలు సంగతి నాకొదిలెయ్. పప్పు ఉడికిందో లేదో చూడు," అన్నాడు మొగుడు.

ఆ మధ్యాహ్నమే రాజమండ్రిలో పాత వస్తువుల ఎగ్జిబిషన్ పెడుతున్న వెంకటరత్నం వచ్చాడు. తెల్లదొర కథంతా ఓపిగ్గా విని, లోపలి యంత్రం చూడొచ్చా అండి అన్నాడు. జగన్నాథరావు మరలు పూర్తిగా ఊడదీసి, స్క్రూడ్రైవర్ దూర్చి పెకలించబోయాడు. చెక్క మీద గీత పడింది.

రామలక్ష్మి కాఫీలు బల్లమీద పెట్టి, పిస్తోలు భర్త చేతిలోంచి తీసుకుంది. మరలు తిరిగి సగం బిగించింది. చెకుముకి పట్టుకునే కొక్కేన్ని సగం వెనక్కి లాగింది. వంటింట్లోంచి పప్పుగుత్తి తెచ్చి, దాని కర్రతో మరల తలల మీద మెల్లగా తట్టింది. యంత్రం తనంతట తనే వదులైంది; మరలు తీసేయగానే అరచేతిలోకి వచ్చింది. లోపల తుప్పు చుక్క లేదు.

వెంకటరత్నం దాన్ని చూశాడు. తర్వాత ఆమెను చూశాడు.

"ఎగ్జిబిషన్లో దీని పక్కన పెట్టే కార్డు మీద ఎవరి పేరు రాయమంటారండి?"

జగన్నాథరావు గొంతు సవరించుకున్నాడు.

"గోపాలకృష్ణమూర్తి, మా నాన్న," అంది రామలక్ష్మి. "కింద నా పేరు. ఎగ్జిబిషన్ అయ్యాక ఇక్కడికి పంపకండి. నాకు ఫోన్ చెయ్యండి, అప్పటి అడ్రసు చెప్తాను."